లైటు కొడితే ఏమన్నట్టు

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండికి లైటు కొట్టడానికి రెండు అర్థాలున్నాయి. ధాన్యం లారీల వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు ఒకసారి లైటు వేసి ఆర్పారంటే 'నువ్వు రా, నేను ఆగుతా' అని. కార్ల వాళ్లు అదే పని చేస్తే 'నేను వస్తున్నా, నువ్వు ఆగు' అని. ఎవరు బండి నేర్పితే వాళ్ల అర్థమే పట్టుబడుతుంది. ఇన్నేళ్లుగా ఈ రెండు అర్థాలూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా తిరుగుతున్నాయి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా.

నాకూ తెలియదు. నేను బండి నడపను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సూర్యాపేటలో పాఠాలు చెప్పి, సెలవుల్లో మూఢనమ్మకాల మీద సభలు పెట్టుకుంటూ ఊళ్లు తిరిగాను. బస్సుల్లో, షేర్ ఆటోల్లో, పిలిచినవాళ్ల కార్లలో. ఎప్పుడూ పక్క సీటే. ఆ సీట్లో కూర్చున్నవాడికి రోడ్డంతా కనిపిస్తుంది, చేతిలో మాత్రం ఏమీ ఉండదు. పోయిన ఎండాకాలం యాసంగి వరికోతల్లో ఒక పొద్దున ఆ సీట్లోంచి చూసింది నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కారు మా తోడల్లుడిది. మా ఆవిడ చెల్లెలి భర్త. కోదాడలో ఎరువుల దుకాణం, ఊళ్లో భూములు, కొంచెం రాజకీయం. మంచివాడు. ఈ మాట వెక్కిరింపుగా అనడం లేదు. మా ఆవిడకు ఆపరేషనైనప్పుడు దవాఖాన వరండాలో చాప పరుచుకుని పడుకున్నది మా సొంతవాళ్లెవరూ కాదు, అతనే. పెళ్లి భోజనాల్లో అందరూ తిన్నాక గానీ విస్తరి ముందు కూర్చోడు. పెద్దవాళ్లు గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడతాడు. అటువంటి మనిషి స్టీరింగు ముందు కూర్చోగానే ఇంకెవరో అయిపోతాడు. ముందు పోయే బండి తనను అవమానించడానికే ముందు పోతున్నట్టు ఉంటుంది అతనికి.

కొత్త కారు. ముందు భాగాన నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు మోత పెడుతుంది కదా, ఆ మోత ఆపడానికి బెల్టును సీటు వెనక నుంచి తిప్పి బకిల్లో పెట్టేశాడు. బెల్టు ఉంది, దాని లోపల మనిషి లేడు.

మిర్యాలగూడలో చుట్టాలమ్మాయి ఓణీల ఫంక్షనుకు పోతున్నాం. వెనక సీట్లో అక్కాచెల్లెళ్లు.

"ఏందయ్యా, నిమ్మకాయ బ్రేకు వేస్తదా?" అన్నాను. కారెక్కినప్పుడల్లా అనే మాటే.

"అన్నయ్యా, ఆ ఉపన్యాసం స్టేజీ మీద చెప్పు, చప్పట్లు కొడతారు. బండిలో బుద్ధిగా బెల్టు పెట్టుకో."

"నువ్వు పెట్టుకున్నవా?"

"నాకెందుకు? స్టీరింగు నా చేతిలోనే ఉందిగా."

వెనక నుంచి మా ఆవిడ, "మరిదిగారూ, జర నిమ్మలంగ పోనియ్యుండ్రి. పిల్లకు ఓణీ గిప్పుడే కట్టేసి ఇంటికేం పంపరు," అంది.

"నిదానంగా పోతే అన్నం టైముకు పోతాం వదినా. ఫొటోలో మన మొహాలుండవు."

ఒక షేర్ ఆటో నిండా మనుషులతో ముందు పోతోంది. హారన్ మీద చెయ్యి తీయలేదు అతను. "సైడివ్వడు చూడన్నయ్యా. వీడి తాత వేసిన రోడ్డు!"

"మీ తాత ఏసిండా మరి?"

చెల్లెలు కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. ఆటో మట్టిలోకి దిగి దారిచ్చింది. దాటుకుంటూ పోతుంటే ఆటో అంచున కూర్చున్న ముసలామె మా వైపు చూసిన చూపు అద్దంలో కనిపించింది. మేం ఫంక్షన్ మాటల్లో పడ్డాం.

నేరేడుచర్ల దాటాక రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. యాసంగిలో ఇది మా జిల్లాల్లో మామూలే. రోడ్డుకు ఒక పక్క సగం మేర వడ్లు పరుస్తారు. బండ్లు తొక్కకుండా అంచు వెంట రాళ్లు పెడతారు. మిగిలిన సగంలోంచి రెండు దిక్కుల బండ్లూ పోవాలి. ఆ రోజు వడ్లున్నది మా సైడు. అంటే మేం పోవాలంటే ఎదుటివాళ్ల సగంలోకి పోవాలి. అందుకని ఎదురుగా ఎవరైనా వస్తుంటే ఆగాల్సింది మేమే. ఇందులో చట్టం చదవాల్సినంత కష్టమేమీ లేదు. వాకిట్లో రెండు బిందెలతో ఎదురుపడిన ఆడవాళ్లకు తెలుస్తుంది.

వడ్ల కుప్ప అవతలి చివర ఒక మోపెడ్ వస్తోంది. నడుపుతున్నది ఒక మగమనిషి, వెనక ఒక ఆడమనిషి. మా కారును చూసి అతను ఆపేశాడు. ఆపాల్సిన పనే లేదు. అది అతని సైడు. అయినా పెద్ద బండి వస్తోంది కదా అని ఒక కాలు నేల మీద పెట్టి ఆగాడు.

మా తోడల్లుడు లైటు కొట్టాడు. పట్టపగలు, ఒక్క మెరుపు.

అప్పుడు ఆ మనిషి మొహం మారింది. నేను చూశాను. మొదట నమ్మనట్టు చూశాడు, తర్వాత నవ్వాడు. ఎడమ చెయ్యి ఎత్తి నుదుటికి ఆనించాడు, దండం పెట్టినట్టు. కాలు తీసి బండి కదిలించాడు.

మేం ఆగలేదు. అతను ఇంకా ఆగే ఉంటాడనుకుని మా తోడల్లుడు వేగం పెంచాడు. బ్రేకు తొక్కేసరికి ఆలస్యమైంది. ఆ మనిషి తప్పించుకోవడానికి మోపెడ్‌ను వడ్లవైపు తిప్పాడు. కారు బంపరు బండిని తాకింది. ఇద్దరూ రాళ్ల మీద పడ్డారు.

మా తోడల్లుడు దిగుతూనే అన్న మొదటి మాట, "లైటు కొట్టాను గదరా!"

కింద పడ్డ మనిషి మోకాలి కింద కాలు అడ్డదిడ్డంగా వంగి ఉంది. రక్తానికి వడ్లు అంటుకున్నాయి. అతను నొప్పికి అరవలేదు. జవాబు చెప్పాడు. "సార్... రమ్మన్నరనుకున్న సార్."

తర్వాత మా తోడల్లుడు చేసినవన్నీ మంచి పనులే. అంబులెన్సు కోసం చూడలేదు. ఇద్దరినీ తన కొత్త కారులో పడుకోబెట్టాడు. మా ఆడవాళ్లను, మోత విని పరుగెత్తుకొచ్చిన వడ్ల రైతుకు అప్పజెప్పి, నన్ను ఎక్కించుకుని మిర్యాలగూడ దవాఖానకు పోనిచ్చాడు. దారి పొడవునా లైట్లు కొడుతూనే ఉన్నాడు. అందరూ దారిచ్చారు. ఆ లైటుకు అర్థం ఎవరూ అడగలేదు.

అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. ఇల్లు వేములపల్లి దగ్గర ఊళ్లో. భార్య అదే మిల్లులో ఊడ్చే పని చేస్తుంది. ఆమెకు మోచేతులు, మొహం చెక్కుకుపోయాయి. అతని కాలి ఎముక విరిగింది. రాడ్డు వేశారు. నడుస్తాడు, బస్తా ఎత్తగలడా అంటే ఇప్పుడే చెప్పలేం అన్నారు. హమాలీకి అంతకంటే పెద్ద తీర్పు లేదు. తప్పు అతనిదేనని కేసులో రాస్తే బీమా నుంచి కూడా ఏమీ రాదు. కాలు పోయి, పని పోయి, పైగా అడ్డమొచ్చినవాడన్న పేరు కూడా మిగులుతుంది. ఏం జరిగిందో చూసినవాళ్లం కారులో నలుగురం, మోపెడ్ మీద ఇద్దరు.

మర్నాడు కోదాడలో వాళ్లింట్లో కూర్చున్నాం. మా మరదలు రాత్రంతా ఏడ్చినట్టుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"దిష్టి బావా. కొన్న రోజు నుంచి ఈ వీధంతా కారు వైపే చూపు. నిమ్మకాయ కూడా ఎండిపోయి ఉంది, మార్చండని చెబుతూనే ఉన్నా."

నాకు మండింది. ఏడుస్తున్న మనిషి ముందు కోపం చూపించకూడదని తెలుసు, అయినా ఆగలేదు. "దిష్టి ఎందుకమ్మా నడుమ? ఆయన చెయ్యి లైటు మీదికి పోయింది, కాలు బ్రేకు మీదికి పోలే. వీధోళ్ల కండ్లేం జేసినయ్?"

"మీరు దేవుణ్ణి నమ్మరు, సరే. మనుషులనన్నా నమ్మండి. ఆయన కావాలని గుద్దాడా?"

"కావాలని గుద్దిండని నేనన్ననా?"

మా తోడల్లుడు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అన్నయ్యా, అతని ఖర్చంతా నేనే చూసుకుంటా. దాని గురించి దిగులు లేదు. స్టేషన్‌లో మాత్రం ఒక్క మాట చెప్పు. సడన్‌గా అడ్డమొచ్చాడని."

"అడ్డమెట్లొస్తడయ్యా? వడ్లున్నది మన సైడు. అడ్డంపోయింది మనం."

"నేను లైటు కొట్టానా, లేదా?"

"కొట్టినవ్."

"మరి? కొట్టాక కూడా వచ్చాడంటే ఎవరిది తప్పు?"

"రమ్మన్నవనుకున్నడు."

"రమ్మని ఎవడైనా లైటు కొడతాడా అన్నయ్యా?"

నేను అతని మొహంలోకి చూశాను. అబద్ధం కాదు. నిజంగానే తెలియదు. ఇన్నేళ్లుగా కారు నడుపుతూ, ఎదుటివాడికి 'నువ్వు రా' అని చెప్పే సైగ ఒకటి ఉంటుందని అతనికి తెలియదు. అలా చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా వైపు 'సైడిచ్చిండు' అన్న మాటకు ఓడిపోయాడన్న అర్థం కూడా ఉంది. ఊళ్లో ఇద్దరికి గొడవై ఒకడు తగ్గితే 'వాడు సైడిచ్చిండు' అంటారు. ఓడిపోవడానికి ఎవరు లైటు కొడతారు?

నా చిన్నతనంలో మా తాత ఇంటి ముందు సైకిల్ మీద పోయేవాళ్లు దిగి నడిచేవాళ్లు. ఇల్లు దాటాక మళ్లీ ఎక్కేవాళ్లు. వాళ్లందరూ మా పొలాల్లో పనిచేసే కుటుంబాల వాళ్లు. దిగమని మా తాత ఎవరికీ చెప్పగా నేను వినలేదు. చెప్పాల్సిన పనే ఉండేది కాదు. ఆ ఆచారం పోయిందని, దాన్ని పోగొట్టిన ఉద్యమాల్లో మాకూ భాగముందని నేను ఎన్ని సభల్లో చెప్పుకున్నానో. పోలేదు. ఇంటి ముందు నుంచి లేచి రోడ్డెక్కింది. పెద్ద బండి వస్తే చిన్న బండి మట్టిలోకి దిగాలి. దిగకపోతే 'వీడి తాత వేసిన రోడ్డు' అంటాం. మర్యాద కింది నుంచి పైకి మాత్రమే పారాలని మనకు ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చేసింది.

ఆ మనిషి ఎత్తిన చెయ్యి అందుకే నాకు నిద్ర లేకుండా చేసింది. ఆ దారి అతనిది. తన దారి తనకు ఇచ్చారనుకుని, ఇచ్చినందుకు దండం పెట్టాడు. దేవుడికి పెట్టే దండాల గురించి జీవితమంతా వాదించాను. ఒక మనిషి తన హక్కుకు పెట్టిన ఈ దండానికి నా దగ్గర వాదన లేదు.

సాయంత్రం సూర్యాపేట బస్సులో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మోతె రోడ్డు కలిసే చోట ఇటు తిరిగింది.

"నిజం చెప్పకుంటే మీకు నిద్రపట్టదు. మా చెల్లె ఏడుస్తుంటే నాకు నిద్రపట్టదు. ఎట్ల జేద్దాం?"

"నువ్వు సూసినవా, ఆయన చెయ్యి ఎత్తింది?"

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. తర్వాత, "నన్నడగకుండ్రి," అంది.

"సూడలేదా?"

"నన్నడగకుండ్రి అన్న. సూడలేదు అన్ననా?"

అంతకంటే ఎక్కువ ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. బస్సు దిగేటప్పుడు మాత్రం, "మీరైతే సూసిండ్రు గద," అని సంచి అందుకుని ముందు నడిచింది.

ఆ వారంలోనే స్టేషన్‌కు పోయాను. హెడ్ కానిస్టేబుల్ మర్యాదగల మనిషి. కుర్చీ వేసి, టీ తెప్పించి, నేను చెబుతుంటే రాసుకున్నాడు. రాయడం అయిపోయాక చదివి వినిపించమన్నాను. చదివాడు. వడ్లు ఏ వైపు ఉన్నాయో ఉంది. లైటు కొట్టింది ఉంది. ఆ తర్వాత 'సదరు మోటారు సైకిలు సడన్‌గా అడ్డముగా వచ్చినందున' అని ఉంది.

"నేను గట్ల చెప్పలే."

"అలవాటైపోయింది సార్. యాక్సిడెంట్ అనంగనే చెయ్యి గట్లనే రాస్తది. అందరు గదే చెప్తరు."

"కొట్టెయ్యండి. అడ్డం రాలేదు. లైటు కొట్టినంక ఎడమ చెయ్యి ఎత్తి దండం పెట్టి, తన సైడుల తను వచ్చిండు. అట్ల రాయండి."

"దండం సంగతి కేసుల ఎందుకు సార్?"

"అదే కేసు."

పెన్ను ఆపి ఒక క్షణం నన్ను చూశాడు. కొట్టేసి, నేను చెప్పినట్టే రాశాడు. సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి మా తోడల్లుడి కారు గేటు ముందు ఆగి ఉంది. బంపరు సొట్ట ఇంకా అలాగే ఉంది. అతను దిగి వచ్చి నా చెయ్యి పట్టుకోలేదు, పట్టుకోకుండా ఉండనూ లేదు. వేళ్లు తాకి వదిలేశాడు.

"చెప్పావా అన్నయ్యా?"

"సూసింది చెప్పిన."

"సరే." ఇంకేదో అనబోయి ఆగాడు. "భోంచేసి పో," అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా ఆ మాట అన్నాడు. నేను పోలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాళ్లింటికి పోలేదు. మా ఆవిడ మాత్రం పోయి వస్తోంది.

కొన్ని రోజులకు ఆ హమాలీని ఇంటికి పంపారని తెలిసి వాళ్ల ఊరికి పోయాను. రేకుల ఇల్లు. గోడకు సిలువ గుర్తున్న క్యాలెండర్. అతను మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. లేవబోయాడు. విరిగిన కాలితో, నన్ను చూసి లేవబోయాడు.

"పండుకో అయ్యా, ఎందుకు లేస్తవ్?"

భార్య కుర్చీ తెచ్చి వేసింది. ఆమె చెంప మీద గాయం ఎండి నల్లబడింది. నేను ఎవరో చెప్పాను.

"ఎరుక సార్," అన్నాడతను. "ముందట సీట్ల కూసున్నది మీరే గద. మా దిక్కే సూసిండ్రు."

"స్టేషన్ల నేను సూసింది సూసినట్టు చెప్పిన. ఇయ్యాల నీ దగ్గరికొస్తరంట. నువ్వు గూడ జరిగింది చెప్పు."

అతను పైకప్పు వైపు చూశాడు. "తప్పు నాదే సార్. పెద్ద బండి లైటు కొట్టినంక ఆగాలె. నేనే తొందరపడ్డ."

"ఏం తొందరపడ్డవ్?" భార్య అందుకుంది. గ్లాసు కడుగుతున్నదల్లా అలాగే చేతిలో పట్టుకుని వచ్చింది. "ఆగినవా, ఆగలేదా? నేను ఎనక కూసొని సూడలే? ఆళ్లు రమ్మన్నరని నువ్వు నాతోటి అనలే? 'మంచిగున్నరే సార్లు, మనకు దారిచ్చిండ్రు' అని అన్నవా లేదా?"

"అన్న. ఊకో నువ్వు."

"పిలిచి గుద్దిండ్రు. నువ్వు మల్ల తప్పు నాదంటవ్. రేపు నీ కాలు గూడ నాదే తప్పు విరిగిన అంటదా?"

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. అతనికీ వచ్చింది, కానీ కాలు కదిలి మొహం ముడుచుకుంది. కాసేపాగి అసలు సంగతి చెప్పాడు. మిల్లు యజమాని మా తోడల్లుడికి స్నేహితుడు. హమాలీల ముఠా మేస్త్రీ వచ్చి చెప్పి పోయాడట. సార్ల మీద కేసు బలంగా అయితే మిల్లులో మొహం చూపించడం కష్టమని, తప్పు తనదేనని చెబితే కాలు బాగయ్యాక ఏదో ఒక కూర్చుని చేసే పని చూస్తారని.

"మీరు నిజం చెప్పి మీ ఇంటికి మీరు పోతరు సార్," అన్నాడు. మాటలో నిష్ఠూరం లేదు, లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. "నేను మల్ల ఆ గేటుకాడికే పోవాలె."

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండాలి. వేదికల మీద దీనికంటే కష్టమైన ప్రశ్నలకు జవాబులు చెప్పాను. ధైర్యంగా నిజం చెప్పమని ఇంకొకడికి చెప్పడం ఎంత సులువో, చెప్పేవాడు పోయేది ఏ గేటు దగ్గరికో దాన్ని బట్టి ఉంటుంది. నేను మిల్లుతో మాట్లాడతానని అనలేదు. నా మాట మిల్లులో చెల్లదని ఇద్దరికీ తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. "నువ్వు తప్పు నాదంటే నీ మాటే నిలుస్తది. నేను చెప్పింది పనికి రాదు. నీ కాలుకు ఏదన్న రావాల్నన్నా నువ్వు చెప్పేదాన్ని బట్టే. పని సంగతి నేను మాటియ్యలేను."

అతను వేరే ప్రశ్న అడిగాడు. "లైటు కొడితే రమ్మనా సార్, ఆగమనా? మా మిల్లుకొచ్చే లారీలోళ్లంత రమ్మనే కొడ్తరు. ఇంతకు ఏది కరెక్టు?"

"రెండూ కాదయ్యా. లైటు మాటను నమ్మొద్దు. ఎదుటి బండి చక్రం ఆగిందా లేదా సూడు. ఆగితేనే కదులు."

"అంటే అప్పుడు గూడ మేమే సూడాలె," అంది భార్య. "కార్ల కూసున్నోళ్లు ఏం సూడరా సారూ?"



హెడ్ కానిస్టేబుల్ మధ్యాహ్నం వచ్చాడు. నన్ను చూసి బయట కూర్చోమన్నాడు. గడప అవతల కూర్చున్నాను. లోపలి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. పేరు, ఊరు, పని. ఎటు నుంచి ఎటు పోతున్నారు. వడ్లు ఎటు పక్క. ఆ తర్వాత, "కారు లైటు కొట్టిందా?" అని.

"కొట్టింది సార్."

"కొడితే నువ్వు ఏం జేసినవ్?"

బయట దారి మీద ఎవరిదో ట్రాక్టరు పోతోంది. దాని మోత దూరమయ్యేదాకా అతను మాట్లాడలేదు. అంత మాటకారి అతని భార్య, ఆ క్షణంలో అతన్ని ఒక్క మాటతో కూడా తొందరపెట్టలేదు.

"ముందు నేను ఆగి ఉన్న సార్. లైటు కొట్టినంక రమ్మన్నరనుకున్న. దండం పెట్టి కదిలిన. అడ్డం పోలే. నా సైడుల్నే పోయిన."

పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు. రాసింది చదివి వినిపించాడు. 'ఎడమ చెయ్యి ఎత్తి దండం పెట్టి' అన్న దగ్గర అతను అడ్డుపడ్డాడు.

"సార్, ఎడమ చెయ్యని రాయకుండ్రి. కుడి చెయ్యని రాయుండ్రి. పెద్దోళ్లకు ఎడమ చేత్తోని దండం పెట్టిన్నంటే మంచిగుండదు."

"ఎడమ చెయ్యనే రాయి సారూ," అంది ఆమె. "కుడి చెయ్యి బండి మీదుండె. ఆయన బండి ఇడిసిపెట్టలే."

కానిస్టేబుల్ ఒక నిమిషం ఆగి, రాసింది రాసినట్టే ఉంచాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు.